తరముల ఆచారభేదము – అనేకాంత దృష్టి

(క్షమాపణ దినమున ఒక శ్రావకుడు చేసిన ప్రసంగము)



నాగరగెరె మొదలుకొని బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురముల వరకు గల మన సీమలో ప్రతి చిన్న ఊరికిని ప్రతి సంవత్సరము సాధు సాధ్వుల చాతుర్మాస్య భాగ్యము లభింపదు. అట్టి సంవత్సరములలో శ్రావకులే గ్రంథమును ముందుంచుకొని, తమకు తెలిసిన నాలుగు మాటలు ఒకరికొకరు చెప్పుకొనుట మన వాడుక. ఆ వాడుకను బట్టియే నేను మీ యెదుట కూర్చుంటిని. నేను పండితుడను కాను. తక్కెడ పట్టిన చేయి నాది. తప్పు దొరలినచో మన్నింపుడు.

ఈ పర్వదినములలో నేను అనేక గృహములకు పోయితిని. ఏ యింటికి పోయినను ఒకే ఫిర్యాదు రెండు గొంతులలో వినవచ్చినది. చావడిలోని పెద్దలు, “ఈ కాలం పిల్లలకు ధర్మం పట్టదయ్యా” అనిరి. లోపలి గదిలోని పిల్లలు, “మా పెద్దవాళ్లకు మా మాట వినే ఓపిక లేదు” అనిరి. ఇరువురును నిజమే చెప్పుచున్నారు. ఇరువురును సగమే చెప్పుచున్నారు.

పెద్దల ఫిర్యాదు మీకు తెలియనిది కాదు. కుమారుడు బెంగళూరిలో ఉద్యోగము చేయును. రాత్రి 9 గంటలకు గది చేరి అప్పుడు భోజనము చేయును. సామాయికము ఆదివారమునకు పరిమితమైనది. ఉర్లగడ్డ, ఎర్రగడ్డ తినరాదన్న నియమము స్నేహితుల నడుమ నిలుచుట లేదు. సంవత్సరి నాడు ఇంటింటికి పోయి చేతులు జోడించి క్షమాపణ చెప్పుకొనుటకు మారుగా, ఫోనులో ఒక్క బొమ్మను 200 మందికి పంపి పని ముగించుచున్నాడు.

పిల్లల ఫిర్యాదు మనము వినుటకు ఇష్టపడనిది. “మీరు పొద్దు గూకకముందే భోంచేస్తారు, కానీ అంగట్లో పనివాణ్ని పది మంది ముందర తిడతారు. పచ్చి కూరల్లో జీవాలుంటాయని లెక్క పెడతారు. పెండ్లికి మాత్రం అప్పు చేసి ఆర్భాటం చేస్తారు. మేం పాలు వద్దంటే, ఆవును ఎట్లా పెంచుతున్నారో చూసి వద్దంటున్నాం, మీరు నవ్వుతారు.” ఈ మాటలలో కటుత్వము కలదు. కాని కటువైనదెల్ల అసత్యము కాదు. వేపాకు చేదైనను మందే.

బంధువులారా! ఇది చిన్న విషయమని త్రోసివేయవద్దు. అలిగి ఇల్లు విడిచిన కుమారుడు ఎప్పుడో ఒకనాడు మరల ఇంటికి వచ్చును. కాని ధర్మమే కలహమునకు మూలమని నమ్మిన కుమారుడు ఇంటికి వచ్చినను ధర్మమునకు రాడు. మన సీమలో మన గృహములు కొద్ది. ఒక్క యింటి దీపము కొండెక్కినను వీధి చీకటియగును. కావున ఈనాడు మనము నిదానముగా ఆలోచింపవలసి యున్నది.

మొదట పెద్దలమైన మనలను మనమే ఒక ప్రశ్న వేసికొందము. మనము మారలేదా?

మనలో పెక్కుమంది తాత ముత్తాతలు రాజస్థానపు ఎడారి గ్రామములనుండి లోటా, రెండు వస్త్రములు, ఒక వహి పుస్తకము తీసికొని ఈ సీమకు వచ్చినవారు. ఇంటిలో మార్వాడీ, అంగడిలో తెలుగు, కచేరీలో కన్నడము మాటలాడుట వారే మనకు అలవాటు చేసిరి. సజ్జరొట్టె తిన్న నోరు రాగిసంకటి రుచి నేర్చినది. చింతామణి దగ్గరి కైవారమునకు చెందిన నారేయణ తాతయ్యగారు జైనులు కారు. కాని ఆయన గాజుల మలారము మోసి వ్యాపారము చేసినవారు, తెలుగున కన్నడమున రెంటను కీర్తనలు పాడినవారు. అట్టి సీమకు వచ్చి మన పెద్దలు కొత్త మాట నేర్చిరి. భాష మారినంత మాత్రమున నవకార మంత్రము మారలేదు. ఇంకొక మాట. ఈ మన్నున మన ధర్మము మన తాతలతో మొదలైనది కాదు. నంది సమీపమున గోపీనాథ కొండపై గల ప్రాచీన శాసనము అర్హంతుని చైత్యమును ప్రశంసించుచున్నది. ఆనాటి శ్రావకుల తిండి, కట్టు, పలుకు మనవి కావు. అయినను వారు మనవారు కారని ఎవరైన అనగలరా?

మరియొకటి. నా బాల్యమున మా యింట బావినీటిని మడత వస్త్రముతో వడగట్టెడివారు. వస్త్రమున మిగిలిన సూక్ష్మజీవులు చావకుండ, ఆ వస్త్రమును వడగట్టిన నీటితోనే తడిపి, ఆ నీటిని ఏ బావి నీరో ఆ బావిలోనే మెల్లగా తిరిగి వదలెడివారు. మా అమ్మ ఆ పని చేయుచుండగా మేము మాటలాడరాదు. తరువాత కొళాయి వచ్చినది. తరువాత గోడకు తగిలించు నీటి యంత్రము వచ్చినది. యంత్రము నీటిని వడగట్టును. కాని జీవములను బావికి తిరిగి చేర్చదు. ఇంత పెద్ద మార్పు మన వంటయిండ్లలో జరిగినది. ఎవరైన దీని కొరకు కలహించిరా? లేదు. ఏలన అది మనకు సుఖముగా నుండెను. మనము చేసికొన్న మార్పునకు కాలధర్మమని పేరు పెట్టితిమి. పిల్లలు చేసిన మార్పునకు ధర్మలోపమని పేరు పెట్టుచున్నాము. కొనుటకొక తూకపురాయి, అమ్ముటకొక తూకపురాయి పెట్టుకొన్న వర్తకుని మనము ఏమందుము? ఇదియు అట్టిదే కదా!

ఇచట మన సిద్ధాంతము ఏమి చెప్పుచున్నదో చూతము. ద్రవ్యమునకు ఉత్పాదము, వ్యయము, ధ్రౌవ్యము అను మూడు లక్షణములు ఒకేసారి యుండునని మన శాస్త్రము చెప్పును. అనగా, ప్రతి వస్తువునందు ఒకటి పుట్టుచుండును, ఒకటి పోవుచుండును, ఒకటి నిలిచియుండును. దీనిని బోధించుటకు సమంతభద్రాచార్యులవారు ఆప్తమీమాంసలో చూపిన దృష్టాంతము మన వర్తకుల కొరకే చెప్పినట్లున్నది. ఒకచోట బంగారు కుండ యున్నది. దానిని కరిగించి కిరీటము చేసిరి. కుండ కావలెనన్నవాడు దుఃఖించెను. కిరీటము కావలెనన్నవాడు సంతోషించెను. బంగారము కావలెనన్నవాడు దుఃఖింపలేదు, సంతోషింపలేదు, తటస్థుడై యుండెను. ఒకే మూస, ఒకే నిప్పు, ముగ్గురికి మూడు అనుభవములు. ముగ్గురును అసత్యము పలుకలేదు. ఇదియే అనేకాంతము.

మన యిండ్లలో పెద్దలు కుండ కరిగినదని యేడ్చుచున్నారు. పిల్లలు కిరీటము వచ్చినదని గంతులు వేయుచున్నారు. బంగారము మిగిలినదా అని గీటురాయి తీసి చూచువాడు లేడు. అయితే మూసలో పెట్టిన ప్రతిసారి బంగారము నిలుచునని కూడ అనుకొనరాదు. కంసాలి కన్ను తప్పినచో తరుగు పోవును, రాగి కలియును. కావున కుండ పోయినదని యేడ్వనక్కర లేదు. కిరీటము మెరయుచున్నదని మోసపోనక్కర లేదు. గీటు పెట్టి చూడవలెను.

ఆచారభేదము కలిగినపుడు మన పూర్వులు ఎట్లు నడచుకొనిరి? దీనికి ఉత్తరాధ్యయన సూత్రమున 23వ అధ్యయనము ఉత్తమ సాక్ష్యము. దానిని కొంచెము నిదానముగా చెప్పెదను.

పార్శ్వనాథ స్వామికిని మహావీర స్వామికిని నడుమ 250 సంవత్సరములని సంప్రదాయము. పార్శ్వనాథుని పరంపరకు చెందిన కేశి శ్రమణుడు శిష్యులతో శ్రావస్తీ నగరమునకు వచ్చి తిందుక వనమున విడిసెను. మహావీరుని పట్టశిష్యుడైన గౌతమస్వామియు శిష్యులతో ఆ నగరమునకే వచ్చి కోష్ఠక వనమున విడిసెను. ఇరువురి శిష్యులు భిక్షకై పోవుచు ఒకరినొకరు చూచికొనిరి. వారికి ఆశ్చర్యము కలిగెను. పార్శ్వనాథుడు నాలుగు యామముల ధర్మమును చెప్పెను. మహావీరుడు ఐదు మహావ్రతములు చెప్పెను. వారు వస్త్రము ధరింతురు. వీరి మార్గమున వస్త్రము లేదు. గమ్యము ఒక్కటియే అయినపుడు దారి రెండు విధములుగా నుండనేల?

గమనింపుడు. పాత తరము, కొత్త తరము ఒకే యూరిలో ఎదురుపడినవి. మన యింటిలో జరుగుచున్నదే అచట జరిగినది. అప్పుడేమి జరిగెను? గౌతముడు గణధరుడు, నాటి తీర్థంకరుని ప్రథమ శిష్యుడు. “నా గురువు జీవించియుండగా పాతవారే నా వద్దకు రావలెను” అని కూర్చుండలేదు. కేశి పరంపర ముందటిదని గౌరవించి, తానే శిష్యసహితముగా తిందుక వనమునకు నడచి పోయెను. కేశి యేమి చేసెను? “ఈ కొత్తవారు మా నియమములు మార్చినవారు” అని మొగము తిప్పుకొనలేదు. ఎండుగడ్డి, దర్భలు తెప్పించి గౌతమునకు ఆసనము వేయించెను. అటుపిమ్మటనే ప్రశ్న. ప్రశ్నించుటకు ముందు కేశి అనుమతి యడిగెను. మీ యిష్టము వచ్చినట్లు అడుగుడని గౌతముడు బదులు చెప్పెను.

బంధువులారా! నేడు నేను చెప్పదలచినది ఈ ఒక్కటియే. ముందు ఆసనము, తరువాత ప్రశ్న. చిన్నవాడు నడచి రావలెను. పెద్దవాడు గడ్డి పరవవలెను. మనమో, ముందు ప్రశ్న వేయుదుము. ఆసనము ఎన్నడును వేయము.

ఇక గౌతముని సమాధానము వినుడు. మొదటి తీర్థంకరుని కాలపువారు సరళులు, కాని గ్రహించుట కష్టము. చివరి తీర్థంకరుని కాలపువారు వక్రులు, గ్రహించుటకు కూడ మందులు. నడిమి కాలపువారు సరళులు, ప్రాజ్ఞులు. కావున వినువారి స్వభావమును బట్టి ధర్మమును చెప్పు రీతి భిన్నమైనది. పార్శ్వనాథుని నాలుగు యామములలో పరిగ్రహ త్యాగముతోనే బ్రహ్మచర్యము ఇమిడియుండెను. మహావీరుడు దానిని వేరుచేసి చెప్పెను. వేషమును గూర్చియు గౌతముడు స్పష్టము చేసెను. బాహ్యచిహ్నము లోకులు గుర్తించుటకును, సంయమ యాత్రకు తోడ్పడుటకును ఏర్పడినది. నిజమైన మోక్షసాధనములు జ్ఞాన దర్శన చారిత్రములే. ఒకటి తరువాత ఒకటిగా ప్రశ్నలు తీరిన పిమ్మట కేశి శ్రమణుడు పంచ మహావ్రత ధర్మమును స్వీకరించెను.

మన దిగంబర సోదరులు ఉత్తరాధ్యయనమును ఆగమముగా గ్రహింపరు. వస్త్ర విషయమున వారి మతము వేరు. నేనది మరువలేదు. కాని వారి వట్టకేరాచార్యుల మూలాచారమును చూడుడు. నడిమి 22 తీర్థంకరులు సామాయిక సంయమమును, ఋషభ మహావీరులు ఛేదోపస్థాపనను ఉపదేశించిరని అందు కలదు. కారణముగా చెప్పినదియు వినువారి స్వభావమునే. మొదటివారు, చివరివారు ప్రతిదినము ప్రతిక్రమణము చేయవలెను; నడిమివారు దోషము కలిగినపుడు చేసిన చాలును. రెండు సంప్రదాయములు అనేక విషయములలో భేదించినను, కాలమును బట్టి, మనుష్యుని బట్టి నియమము రూపు మారునన్న విషయమున ఏకమైనవి. నియమము మారినది, సంయమమన్న బంగారము మారలేదు.

ఇటీవలి కాలమునను ఇట్టివి లేకపోలేదు. ఆచార్య తులసిగారు 1949 లో అణువ్రత ఉద్యమమును ఆరంభించి, జైనులు కానివారు సైతము చిన్న వ్రతములు పూనవచ్చునని చెప్పిరి. 1980 లో సమణ శ్రేణిని ఏర్పరచి, పాదచారులైన సాధువులు పోలేని దూరదేశములకు వాహనములపై పోయి ధర్మము చెప్పువారిని తయారు చేసిరి. సాధ్వి చందనగారు 1987 లో ఆచార్య పదవి పొందిన మొదటి జైన మహిళయైరి. ఇట్టివి అందరికిని ఒప్పుదల కానక్కర లేదు. కాని పెద్దలే ఇంత ఆలోచించి మార్పులు చేసినపుడు, మార్పు అన్నంతనే అధర్మమనుట మనకు తగునా?

అయితే ఏది మారినను మంచిదేనా? కాదు. అనేకాంతమనగా అన్నింటికి తల యూచుట కాదు. అది సోమరితనము. గీటురాయి మీద మూడు గీతలు గీసి చూడవలెను. ఈ కొత్త అలవాటు వలన హింస తగ్గినదా, పెరిగినదా? క్రోధ మాన మాయా లోభములను కషాయములు తగ్గినవా, పెరిగినవా? పరిగ్రహము తగ్గినదా, పెరిగినదా? పాత అలవాటునకు కూడ ఈ మూడు గీతలే.

రాత్రి భోజనమును గీటు పెట్టుదము. దీపకాంతికి పురుగులు చేరునని పెద్దలు దీనిని వారించిరి. విద్యుద్దీపము వచ్చినదని పురుగులు రాకుండ పోలేదు. వానలు వెలిసిన సాయంకాలము మన అంగడి దీపము క్రింద చూచిన తెలియును. కనుక ఇది కేవలము కుండ కాదు, బంగారమే. కుమారుడు దీనిని విడిచినచో నష్టమే. కాని నష్టమునకు మందు తిట్టు కాదు. పగటి పూటనే తినుటకు వీలగునట్లు తల్లి ఒక డబ్బా కట్టి పంపవచ్చును. వారమున ఒక దినము, చాతుర్మాస్యమున నాలుగు దినములు అని పరిమిత కాలమునకు నియమము పట్టుట శ్రావకులకు కొత్త కాదు. పూర్తి రూపాయి ఇయ్యలేని బాకీదారును మనము తరిమివేయుదుమా? పావలా యైనను జమ కట్టుకొందుము. ధర్మమున మాత్రము పావలా మనకు చెల్లదా?

ఫోనులో క్షమాపణను గీటు పెట్టుదము. దూరముననున్న అన్నతో మూడేండ్లుగా మాటలేని తమ్ముడు, ఫోనులో “తప్పు నాది” అని చెప్పినచో అది మేలిమి బంగారము. 200 మందికి బొమ్మ పంపి, తాను నొప్పించిన ఆ ఒక్కనికి పంపనివాడు ఇత్తడి అమ్మినవాడు. ఇంటింటికి తిరిగి చేతులు జోడించి, పగవాని గుమ్మము మాత్రము దాటిపోయిన పెద్దవాడును ఇత్తడియే అమ్మెను.

పాలు మానిన పిల్లలను గీటు పెట్టుదము. జీవమునకు బాధ తగ్గింపవలెనని మానినచో మెచ్చవలసినదే, నవ్వవలసినది కాదు. కాని ఆ పిల్లవాడే తల్లి చిలికిన మజ్జిగను చూచి మూతి విరిచి, “మీరంతా హింసకులు” అనినచో, పాలు వదలి మానకషాయమును త్రాగినవాడగును.

ఇక మా యింటి సంగతి. చెప్పకున్న నా ప్రసంగము ఉత్త మాటయగును.

మనది పట్టు సీమ. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టు ఎంత పెద్దదో మీకు చెప్పనక్కర లేదు. మల్బరీ తోటలు, చంద్రికలు, దారము తీయు బట్టీలు మనకు నిత్యము కన్నుల యెదుటివే. మా అంగడిలో పట్టువస్త్రములు అమ్ముదుము. మా యింటి ఆడువారు పూజకు పట్టు కట్టుదురు. అది మడి యని మా నమ్మకము. గత సంవత్సరము ఇంట పెండ్లి. మనుమరాలికి చీరలు తెచ్చి పరచితిని. ఆమె ముట్టుకొనలేదు.

“దాదాజీ, నేను పట్టు కట్టను” అనెను.

“ఏమమ్మా, రంగు నచ్చలేదా?” అంటిని.

“రంగు కాదు దాదాజీ. గూడును వేడినీళ్లలో వేస్తారు కదా, లోపల పురుగు ఉండగానే. మీరే చిన్నప్పుడు బట్టీ దగ్గర నాకు చూపించారు.”

నాకు నోట మాట రాలేదు. అది నిజము. పతంగము గూటిని చీల్చుకొని వెలికి వచ్చినచో పోగు తెగును. ఒకే పోగుగా దారము తీయ వీలుకాదు. అందుచేత వెలికి రాకముందే వేడిమితో చంపుదురు. ఒక్క చీరకు గూళ్లు వేలకొలది కావలెను. పతంగము చతురింద్రియ జీవియని మన శాస్త్రములే లెక్కించినవి. ఆమె మరియొక మాట యనెను. “పదునైదు కర్మాదానాల్లో లక్క వ్యాపారం వద్దన్నారు కదా? లక్క పురుగుకు ఒక న్యాయం, పట్టుపురుగుకు ఒక న్యాయమా?”

నేను సమాధానము చెప్పలేదు. సమాధానము లేనివాడు చేయు పనియే చేసితిని, కేక వేసితిని. “ఈ పట్టు అమ్మిన డబ్బుతోనే నీవు చదివితివి” అంటిని. ఆమె కన్నీరు పెట్టి లోనికి పోయెను. కొన్ని దినములు మా యింట భోజనము నిశ్శబ్దముగా జరిగెను.

ఆ పర్యూషణమున నేను కేశి గౌతముల అధ్యయనము చదువుచుండగా ఆసనము దగ్గర ఆగిపోయితిని. నా మనుమరాలు నా వద్దకు నడచి వచ్చినది. నాకు దాదాజీ యని మర్యాదగా పిలిచి చెప్పినది. గౌతమునివలె తన పని తాను చేసినది. గడ్డి పరవనివాడను నేను. సంవత్సరి సాయంకాలము ప్రతిక్రమణమైన పిమ్మట, ఆమె నా పాదములకు వంగకముందే నేనే చేతులు జోడించి, “మిచ్ఛామి దుక్కడం, తల్లీ. నీవు చెప్పినది సరి; నేను కేకవేసినది తప్పు” అంటిని. ఆమె, “నేనూ అందరి ముందర చెప్పుండకూడదు దాదాజీ” అనెను.

పెండ్లిలో ఆమె నూలుచీర కట్టెను. మా యింటి ముసలామె తన పాత పట్టుచీరయే కట్టెను. ఇరువురును ఒకరి ప్రక్కనొకరు నిలిచిరి. ఆకాశము విరిగి పడలేదు. తరువాత ఆమెయే నాకు ఒక సంగతి చదివి వినిపించెను. ఆంధ్రప్రదేశ్ చేనేత శాఖలో పనిచేసిన హైదరాబాదు వాసి కుసుమ రాజయ్యగారు, పతంగము వెలికి పోయిన పిమ్మట మిగిలిన గూళ్లను వడకి బట్ట నేయించు పద్ధతిని తీసికొని వచ్చి దానికి అహింసా పట్టు అని పేరు పెట్టిరట. అది జైనుడు చేసిన పని కాదు. మనము చేయవలసిన పనిని మరియొకరు చేసిరి.

మీరు అడుగుదురు: “మరి నీవు పట్టు అమ్ముట మానితివా?” లేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పుచున్నాను. అంగడి మీద ఆధారపడి పనివారు కలరు. పురుగులు పెంచు రైతులు, దారము తీయువారు మన పొరుగువారు. వారి అన్నమును నేను ఒక్క దినమున నిందింపలేను. కాని పూజకు పట్టు మానితిని. కొత్తగా తెచ్చు సరుకులో నూలు పెంచుచున్నాను. నా లెక్క ఇంకను తేలలేదు. అయితే ఆ లెక్క యున్నదని నాకు చూపినది ఆ పిల్లయే. ధర్మము పట్టలేదని మనము నిందించు తరమే మనకు మన అణువ్రతమును గుర్తుచేసినది.

2017 లో జీఎస్‌టీ వచ్చినపుడు మనమేమి చేసితిమి? కన్నడక సవరించుకొని, మనుమని ప్రక్కన కూర్చుండి, ఏ మీట నొక్కవలెనో నేర్చుకొంటిమి. సిగ్గుపడలేదు. లెక్కల కొరకు మనుమని ప్రక్కన కూర్చుండగల మనము, ఆత్మ లెక్క కొరకు ఒక్క సాయంకాలము కూర్చుండలేమా?

ఇక యువకులకు ఒక మాట. గౌతముడు నడచి పోయెనని మరువవద్దు. శ్వేతాంబర ఆగమముల ప్రకారము మహావీరుని తల్లిదండ్రులు పార్శ్వనాథుని ఉపాసకులు. కుమారుడు కొత్త తీర్థమును స్థాపింపనున్నవాడు. అయినను తల్లిదండ్రులు జీవించియున్నంత వరకు వారి మనస్సు నొప్పింపరాదని దీక్ష గ్రహింపక వేచియుండెను. దిగంబర సంప్రదాయమున ఈ కథ ఇట్లు లేదు. కాని మృదుత్వమే ధర్మమని ఇరువురును చెప్పుదురు. మీ ప్రశ్న సరియైనదే కావచ్చును. పది మంది నడుమ అడిగిన సరియైన ప్రశ్న పెద్దవాని గుండెలో ముల్లగును. ఒంటరిగా అడిగినచో విత్తనమగును. మీరు విడిచిన ప్రతి పాత అలవాటునకు బదులుగా ఏ సంయమము పట్టితిరో మీరే వ్రాసికొనుడు. ఖర్చు పుట మాత్రమే నిండి, జమ పుట ఖాళీగా నున్నచో, అది మార్పు కాదు, దివాలా.

పెద్దలారా! నేటి రాత్రి ఇంటికి పోయిన పిమ్మట ఒక్క పని చేయుడు. మీ మాట విననివాడని మీరు తలచు ఆ బిడ్డను పిలిచి, ముందుగా కూర్చుండబెట్టుడు. దూరముననున్నచో మీరే ఫోను చేయుడు. హితోపదేశము రేపటికి ఉంచుడు. నేటికి క్షమాపణ చాలును. అది మీ నోటినుండి మొదట రావలెను. 

నా మాటలలో మీలో ఎవరికైన నొప్పి కలిగియుండినచో, మనస్సుతో, వాక్కుతో, కాయముతో మీ యందరి క్షమ వేడుచున్నాను.

మిచ్ఛామి దుక్కడం. జయ జినేంద్ర.